సీమలో పడవలెక్కడివి అనే పెద్దమనుషులకి

అమెరికాలో ఉన్న మా పాత కొలీగ్ ఒకడు సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొన్నాడు. అందులో ముప్ఫయ్యేళ్ళ నాటి డీజిల్ ఇంజన్ ఉంటే దాన్ని పీకేసి, 48 వోల్టుల మోటారు, ఒక వరస లిథియం బ్యాటరీలు పెట్టుకున్నాడు. ఫొటోలు మా గ్రూపులో పెట్టాడు. చప్పట్లు, దండాలు, "బాస్ నువ్వు కేక" అంటూ అరవై మెసేజీలు. బాగానే ఉంది, నేను కూడా ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. ఊరికే ఉండలేక, "ఇదే పని మన సంగమేశ్వరం దగ్గర కృష్ణ దాటించే పడవలకి చేస్తే ఎట్లా ఉంటది?" అని అడిగాను.

మొదటి జవాబు: "సీమలో నీళ్ళెక్కడివి సామీ, పడవలెక్కడివి?" దాని కింద నవ్వు బొమ్మలు పదిహేను. రెండో జవాబు: "అది వర్కవుట్ కాదులే, పల్లెటూరి వాళ్ళకి ఇవన్నీ ఎందుకు." ఈ రెండో మాట అన్నవాడు పోయినేడాది ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఈ టపా ఆ రెండు మాటల గురించే.

ముందు నీళ్ళ సంగతి తేల్చేద్దాం. సీమ కరువు సీమే, కాదనను. కానీ నీళ్ళు లేకపోవడం వేరు, నీళ్ళు మన పొలాలకి రాకపోవడం వేరు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండితే నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఎంత దూరం నీళ్ళు పరుచుకుంటాయో ఒకసారి మ్యాపు తెరిచి చూడండి. ఆ నీళ్ళ కింద వందకి పైగా ఊళ్ళు ఉన్నాయి. సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం ఆ నీళ్ళలోనే ఉంటుంది, ఎండాకాలంలో మాత్రం బయటపడుతుంది. కడప వైపు గండికోట జలాశయమే 26.85 టీఎంసీలు. మైలవరం, బ్రహ్మంసాగర్ సరేసరి.

ఇంకా వెనక్కి పోదాం. కేసీ కాలవ పేరు వినని కర్నూలు, కడప మనిషి ఉండడు. దాన్ని 1863-70 మధ్య మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి, అక్కణ్ణుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లు. సాగుకి మాత్రమే కాదండీ, పడవలు నడపడానికి కూడా! లాకులతో సహా కట్టారు. నల్లరేగడి రైతులు కంపెనీ వాళ్ళు ఊహించినంతగా నీళ్ళు కొనలేదు, లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. అంటే మన ఐటీ కంపెనీలు పుట్టడానికి నూరేళ్ళకి ముందే, ఎవరో లండన్ షేర్ హోల్డర్లు సీమలో పడవలు నడిపి డబ్బు చేసుకుందామని ప్లాన్ వేశారు. "సీమలో పడవలా" అని నవ్వేవాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇహ రెండో మాట. అసలు కోపం నాకు దీని మీదే.

కొలీగ్ పడవకీ మన రేవు పడవకీ పెద్ద తేడా ఒకటుంది. తెరచాప పడవకి ఇంజన్ అనేది రేవులోంచి బయటికి రావడానికి, మళ్ళీ లోపలికి పోవడానికి. మిగతా పని గాలిది. బ్యాటరీ అయిపోతే చాప ఎత్తుకుంటాడు. అందుకే పాత పడవల్లో డీజిల్ పీకి మోటారు పెట్టడం అక్కడ హాబీ అయింది. మన పడవకి ఆ సౌకర్యం లేదు. ఇంజన్ ఆగితే జనం నడి నీళ్ళలో ఉంటారు. కాబట్టి "ఆయన చేశాడు, మనమూ చేసేద్దాం" అనడం కూడా తప్పే. ఆ తేడా అర్థం చేసుకున్నాక కూడా లెక్క మన పడవకే ఎక్కువ అనుకూలంగా ఉందనేది నా వాదన. ఎందుకో చెప్తాను.

డీజిల్‌లో లీటరుకి దాదాపు పది యూనిట్ల శక్తి ఉంటుంది. పాత ఇంజన్ అందులో పాతిక శాతం ప్రొపెల్లర్ దాకా తెస్తే గొప్ప, మిగతాదంతా వేడి, పొగ, చప్పుడు. అంటే లీటరుకి రెండున్నర యూనిట్లు. బ్యాటరీ బరువు ఎక్కువ, నిజమే. 50 యూనిట్ల బ్యాటరీ నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. సముద్రం దాటాలంటే ఈ బరువుతో చచ్చేచావు. కానీ ఒకే రెండు రేవుల మధ్య, రోజంతా అదే దూరం, మధ్యలో జనం కోసం ఆగి ఎదురుచూడటం... ఇంతకన్నా తేలికైన కేసు ఇంజనీరుకి ఎక్కడ దొరుకుతుంది? మన భాషలో చెప్పాలంటే లోడ్ ముందే తెలుసు, పీక్ ముందే తెలుసు, డౌన్ టైం కూడా ముందే తెలుసు. ఇంత స్పష్టమైన రిక్వైర్‌మెంట్లు నాకు ఈ ఇరవయ్యేళ్ళలో ఒక్క క్లయింటు కూడా ఇవ్వలేదు :)

ఇంకో సంగతి. నీళ్ళలో పడవకి కావలసిన పవరు వేగానికి ఘనంలాగా పెరుగుతుంది. వేగం సగం చేస్తే పవరు ఎనిమిదో వంతు చాలు, అదే దూరానికి అయ్యే శక్తి నాలుగో వంతు. నది దాటే మనిషికి అయిదు నిముషాలు ఆలస్యమైతే కొంప మునగదు. బ్యాటరీకి మాత్రం ఆ అయిదు నిముషాలు బంగారం.

ఒక లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు, మీకు నచ్చినవి వేసుకుని చూసుకోండి. నలభై అడుగుల పడవ, దాటే దూరం రెండు కిలోమీటర్లు, గంటకి పది కిలోమీటర్ల వేగం, పది కిలోవాట్లు. ఒకసారి దాటడానికి పన్నెండు నిముషాలు, రెండు యూనిట్లు. రోజుకి పది సార్లు పోయి రావడం అంటే నలభై యూనిట్లు.

డీజిల్ అయితే: 16 లీటర్లు. లీటరు వందకి అటూ ఇటూ, అంటే పదహారు వందలు. రేవులో ఇంజన్ ఆపకుండా కాల్చేది కలపలేదు.

కరెంటు అయితే: చార్జరు, బ్యాటరీ, మోటారు నష్టాలు కలిపి గోడ దగ్గర 50 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే నాలుగు వందలు.

రోజుకి పన్నెండు వందలు మిగులు. ఏడాదికి 250 రోజులు నడిస్తే మూడు లక్షలు. పైన కప్పు మీద ఆరు కిలోవాట్ల సోలార్ పలకలు పడతాయి. సీమ ఎండకి రోజుకి పాతిక ముప్ఫై యూనిట్లు అవే ఇస్తాయి. అంటే కావలసిన దాంట్లో సగం పైనే ఉచితం. ఎండ మనకి శాపం అంటారు కదా, ఈ ఒక్క చోట వరం అనుకోవచ్చు.

మరి ఖర్చు? 60 యూనిట్ల బ్యాటరీ, మోటారు, కంట్రోలరు, చార్జరు, పలకలు అన్నీ కలిపి పదిహేను నుంచి పద్దెనిమిది లక్షలు. మూడు లక్షల మిగులుతో ఐదారేళ్ళలో తిరిగి వస్తుంది. మంచి బ్యాటరీ ఎనిమిది పదేళ్ళు ఉంటుంది. కాగితం మీద గిట్టుబాటే. కానీ పన్నెండు శాతం వడ్డీకి అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీకే దాదాపు రెండు లక్షలు పోతాయి. ఆ అప్పు కూడా రేవులో పడవ నడిపేవాడికి ఏ బ్యాంకూ ఇవ్వదు. కాబట్టి "అంత లాభం ఉంటే వాళ్ళే మార్చుకుంటారు కదా" అనే మార్కెట్ పండితులు కాస్త ఆగండి. లాభం ఉంది, కానీ ఆ లాభం దగ్గరికి చేరే మెట్టు ఎత్తు పద్దెనిమిది లక్షలు.

ఇదంతా ఊహ అనుకుంటున్నారేమో. కేరళలో వైకోం-తవణక్కడవు మధ్య 2017 జనవరి నుంచి "ఆదిత్య" అనే సోలార్ ఫెర్రీ తిరుగుతోంది. 75 మంది పడతారు. రెండు 20 కిలోవాట్ల మోటార్లు, 50 యూనిట్ల బ్యాటరీ, కప్పు మీద 20 కిలోవాట్ల పలకలు. నడిపేది అక్కడి రాష్ట్ర జలరవాణా శాఖ. తయారు చేసింది కొచ్చిలో సందిత్ తండశేరి పెట్టిన నవాల్ట్ అనే చిన్న కంపెనీ. రెండు రేవుల మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు. చూశారా, మన లెక్కకి ఎంత దగ్గరో! 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో బ్యాటరీ పడవలతో మొదలైంది. నార్వేలో కార్లనే మోసుకెళ్ళే ఎలక్ట్రిక్ ఫెర్రీ 2015లోనే వచ్చింది. అసలు ఎలక్ట్రిక్ పడవ డీజిల్ ఇంజన్ కంటే పాతది. జాకోబీ అనే ఆయన 1838లో రష్యాలో నెవా నది మీద బ్యాటరీతో పడవ నడిపాడు. రుడాల్ఫ్ డీజిల్ అప్పటికి పుట్టనే లేదు. కాబట్టి "కొత్త టెక్నాలజీ, ఇంకా మెచ్యూర్ అవ్వలేదు" అనే డైలాగు ఇక్కడ చెల్లదు.

అయితే ఆదిత్య నుంచి నేర్చుకోవలసిన అసలు పాఠం వేరే ఉంది. వాళ్ళు పాత పడవలో ఇంజన్ తీసి మోటారు పెట్టలేదు. తేలికగా ఉండే జంట పొట్టల పడవని ముందు నుంచీ కొత్తగా గీసుకున్నారు. మనకి తెలిసిన మాటల్లో ఇది "లిఫ్ట్ అండ్ షిఫ్ట్" కాదు, రీడిజైన్. పాత అప్లికేషన్‌ని ఉన్నదున్నట్టు క్లౌడులో పడేసి, బిల్లు చూసి గుండె పట్టుకున్న మేనేజర్లని మనం చూడలేదా? బరువైన పాత పడవలో మోటారు పెడితే అదే అవుతుంది. పెద్ద బ్యాటరీ కావాలి, దాంతో ఇంకా బరువు, దానికి ఇంకా పెద్ద బ్యాటరీ. పైగా ఇంజన్ తీసి బ్యాటరీలు పెడితే పడవ బరువు ఎక్కడ కూర్చుంటుందో మారిపోతుంది. మళ్ళీ స్థిరత్వ పరీక్ష చెయ్యకుండా జనాన్ని ఎక్కించడం నేరం. ప్రొపెల్లర్ కూడా మార్చాలి, మోటారుకి నెమ్మదిగా తిరిగే పెద్దది కావాలి. కాబట్టి మంచి ఒడ్డు పొడుగు ఉన్న తేలిక పడవలకి మార్పిడి, ఆయుష్షు అయిపోయిన వాటి బదులు కొత్త పడవలు. ఇది నా ప్రతిపాదన. అన్నిటికీ ఒకే మందు అని నేను అనడం లేదు.

ఇప్పుడు నిజంగా ఆలోచించవలసిన అభ్యంతరాలు. నవ్వు బొమ్మలవి కాదు.

ఒకటి. రెండు వేసవుల కింద సంగమేశ్వరం వైపు పోయినప్పుడు పడవ నడిపే ఒక పెద్దాయనతో ఈ సంగతి మాట్లాడాను. ఆయన అంతా విని అన్నాడు: "సామీ, ఈ ఇంజన్ చెడిపోతే నేనే ఇప్పుకుంటా. సామాను నందికొట్కూరులో దొరుకుతాది. నీ మోటారు చెడిపోతే యాడికి పోవల్ల? ఎన్ని దినాలు కూసోవల్ల?" మా గ్రూపులో నలభై మంది ఇంజనీర్లు ఉన్నారు, ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు. దీనికి జవాబు చెప్పకుండా పడవల్ని మార్చకూడదు. మోటారు, కంట్రోలరు, బ్యాటరీ పెట్టె అన్నీ విప్పి వేరేది పెట్టుకునేలా ఉండాలి. ఒక సెట్టు ఎప్పుడూ రేవులో స్పేరుగా ఉండాలి. దగ్గర్లోని ఐటీఐ కుర్రాళ్ళు నలుగురికి పని నేర్పాలి. ఫోన్ చేస్తే బెంగళూరు నుంచి టెక్నీషియన్ వస్తాడనే సర్వీసు మోడల్ పెడితే పడవ మూడో నెలకే ఒడ్డెక్కుతుంది. కంపెనీ తాళం వేసిన సాఫ్ట్‌వేర్ ఉన్న కంట్రోలరు అసలే వద్దు. ఆ తాళాలు వేసే ఉద్యోగం చేసేది మనమే కాబట్టి, అవి ఎంత ఇబ్బందో మనకి బాగా తెలుసు.

రెండు. శ్రీశైలంలో రేవు ఒక చోట ఉండదు. మట్టం 885 నుంచి 800 అడుగుల దగ్గరికి కూడా పడిపోయిన సంవత్సరాలున్నాయి. ఒడ్డు వందల గజాలు వెనక్కి జరుగుతుంది. కేరళలో లాగా సిమెంటు జెట్టీ కట్టి చార్జరు బిగిస్తే ఆరునెలల తర్వాత అది బురదలో దిష్టిబొమ్మ. కాబట్టి చార్జరు కూడా నీళ్ళతో పాటు కదలాలి. తేలే పంటు మీద పలకలు, ఒక బ్యాటరీ, చార్జరు. పడవ దానికి ఆనుకుని కట్టేసుకోవాలి. లేదా బ్యాటరీ పెట్టెల్ని ట్రాక్టరు మీద ఊళ్ళోకి తీసుకెళ్ళి చార్జ్ చేసి తేవాలి. ఇది మన ప్రాంతం సమస్య, మనమే పరిష్కరించుకోవాలి. కేరళ నుంచి కాపీ పేస్ట్ చేస్తే కుదరదు.

మూడు. ఎండ. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు మామూలు. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది. కానీ కింద చల్లటి నీళ్ళు ఉన్నాయి కదా! బ్యాటరీ గదిని పడవ అడుగున, గాలి ఆడేలా పెడితే కారు కన్నా నయం. ఉప్పు నీళ్ళు కావు కాబట్టి తుప్పు గోల కూడా తక్కువ. నిప్పు భయం ఉంటే ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలే వాడాలి. అవి తొందరగా అంటుకునేవి కావు. అసలు అంటుకోవు అని ఎవడైనా అమ్మజూపితే వాణ్ణి నమ్మొద్దు.

నాలుగు. ప్రమాదాలు. 2007 జనవరిలో నెహ్రూనగర్-మంచాలకట్ట మధ్య పడవ మునిగి దాదాపు అరవై మంది పోయారు. మా వైపు ఆ సంక్రాంతిని ఎవరూ మరిచిపోలేదు. కరెంటు మోటారు ఉంటే అది జరిగేది కాదు అని నేను అనను, అట్లా అనడం చచ్చినవాళ్ళని అవమానించడం. పడవకి పట్టేదానికన్నా ఎక్కువ మందిని ఎక్కిస్తే ఏ మోటారూ కాపాడదు. లైఫ్ జాకెట్లు, పరిమితి గీత, తనిఖీ... వీటికి బదులు ఏదీ లేదు. కానీ పడవని కొత్తగా రిజిస్టరు చేసి, పరీక్ష చేసి, డబ్బు ఇచ్చేటప్పుడు ఈ షరతులన్నీ పెట్టే అవకాశం ప్రభుత్వానికి వస్తుంది. ఊరికే "నిబంధనలు పాటించండి" అని బోర్డు పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఐదు. "వంతెన వస్తోంది కదా, ఇంక పడవలెందుకు?" సిద్ధేశ్వరం-సోమశిల వంతెన 2007 నుంచి వస్తూనే ఉంది. కేంద్రం 2022 అక్టోబరులో ఆమోదం ప్రకటించింది. వస్తే అందరికన్నా ముందు నేనే కొబ్బరికాయ కొడతాను. కానీ వంతెన ఒక్కచోటే ఉంటుంది. జలాశయం అంచున ఊళ్ళు చాలా ఉన్నాయి, చేపలు పట్టేవాళ్ళు ఉన్నారు, పాతాళగంగ దగ్గర యాత్రికుల పడవలున్నాయి, సోమశిల నుంచి శ్రీశైలం దాకా టూరిజం లాంచీ ఉంది.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. శ్రీశైలం డ్యాముకి కుడి పక్క 770, ఎడమ పక్క 900 మెగావాట్ల కరెంటు యూనిట్లు. ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. కడపలో మైలవరం దగ్గర మరొకటి. పిన్నాపురంలో పగటి సోలారుని రాత్రికి దాచుకునే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు. నీళ్ళు మావి, ఎండ మాది, మునిగిన ఊళ్ళు మావి, ఇచ్చిన భూములు మావి. ఆ కరెంటు తయారయ్యే నీళ్ళ మీదే మా మనిషి లీటరు వంద పెట్టి డీజిల్ పోసుకుని, పొగ మింగుతూ దాటుతున్నాడు. ఆ ఇంజన్ల నూనె కలిసే నీళ్ళే పోతిరెడ్డిపాడు మీదుగా వెళ్ళి చెన్నై వాళ్ళ తాగునీళ్ళు కూడా అవుతాయి.

2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలం పాతాళగంగకి సీప్లేన్ ట్రయల్ వేశారు. టీవీల్లో పొద్దస్తమానం అదే. మంచిదే, విమానం దిగనివ్వండి. కానీ అది దిగిన నీళ్ళ మీద రోజూ తిరిగే పడవ సంగతి ఏ చానెల్ అడిగింది?

మీరు హైదరాబాదులో ఎలక్ట్రిక్ కారు కొంటే తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్లు పెట్టింది. అందులో బైకులున్నాయి, ఆటోలున్నాయి, బస్సులు, లారీలు, అంబులెన్సులు కూడా ఉన్నాయి. పడవలు లేవు. జలమార్గాల పడవలని పచ్చగా మార్చాలని 2024 జనవరిలో "హరిత్ నౌకా" మార్గదర్శకాలు వచ్చాయి గానీ, నందికొట్కూరు రేవులో మనిషి చేతికి వాటితో ఒక్క రూపాయి అందదు. నెలకి రెండు లక్షల జీతగాడికి పన్ను మాఫీ, రోజుకి వెయ్యి మిగలనివాడికి మార్గదర్శకాలు! దీన్ని గ్రీన్ పాలసీ అనుకుంటే అనుకోండి. నేను మాత్రం అనను.

కాశీలో 2021 నుంచి గెయిల్ డబ్బుతో వందల పడవల డీజిల్ ఇంజన్లని సీఎన్‌జీకి మార్చారు. కరెంటు కాకపోవచ్చు, కానీ పడవ నడిపేవాడి జేబులోంచి తీయకుండా మార్చవచ్చని రుజువైంది కదా. కర్నూలు, కడపల సోలార్ పార్కుల్లో సంపాదించే కంపెనీలకి సీఎస్సార్ నిధులు లేవా? స్కూల్లో బెంచీల మీద పేర్లు రాయించుకునే బదులు రెండు పడవల మీద రాయించుకుంటే ఏం పోతుంది?

నేను అడిగేది చంద్రయానం కాదు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024 నవంబరులో 77.91 కోట్లు ఇచ్చింది. ఆ జలాశయంలోకి ఇకపై దిగే ప్రతి టూరిస్టు పడవా మొదటి రోజు నుంచే ఎలక్ట్రిక్‌దై ఉండాలని ఒక్క షరతు పెట్టండి. అక్కడ మార్పిడి గొడవే లేదు, కొనేటప్పుడే సరైనది కొనడం. శ్రీశైలం మీద రెండు రేవుల్లో రెండు పడవలు, ఒక తేలే చార్జింగు పంటు, ఒక ఏడాది పాటు ప్రయోగంగా నడపండి. రోజుకి ఎన్ని యూనిట్లు, ఎన్నిసార్లు ఆగింది, ఎంత ఖర్చైంది, లెక్కలన్నీ బయట పెట్టండి. నష్టమని తేలితే ఆపెయ్యండి, నేను నోరు మూసుకుంటాను.

మా గ్రూపు మిత్రులకి ఒక పని. మీలో బ్యాటరీ మేనేజ్‌మెంట్ కోడు రాసేవాళ్ళు ముగ్గురున్నారని నాకు తెలుసు. డెట్రాయిట్ కార్లకి రాసే ఆ కోడులో ఒక్క శనివారం మన రేవుకి ఇవ్వండి. మిగిలినవాళ్ళు నా లెక్కలో తప్పులు పట్టండి. నవ్వు బొమ్మలు మాత్రం చాలు, స్టాకు నిండిపోయింది.